పెండెరె: లాటిన్ తూకపు ధాతువు

పెండెరె (తూచు, చెల్లించు), పెండేరె (వేలాడు) ఒకే మూలానికి చెందిన రెండు లాటిన్ క్రియలు. రోమన్ లిపిలో మామూలుగా రెంటినీ ఒకేలా రాస్తారు. ఎ, ఏ తేడా చూపగల తెలుగు లిపిలో మాత్రం ఇట్టే విడివడతాయి. తూనికకూ వేలాడడానికీ పొత్తు తక్కెడలో కనిపిస్తుంది. తూచాలంటే తక్కెడను ఎత్తి వేలాడదీయాలి కదా. తెలుగువారికి ఇది కొత్త సంగతేమీ కాదు: ‘తూగు’ అంటే బరువు తూగడమూ అవుతుంది, ఊగడమూ అవుతుంది. తూగుటుయ్యాలలో ఉన్నది ఆ మాటే.

నాణేలు రాకముందు రోమ్‌లో చెల్లింపు అంటే కంచు ముక్కలు తూచి ఇవ్వడమే. నాణేలు వచ్చాక తూచే పని పోయినా క్రియ నిలిచింది. లాంఛనంగా ఆస్తి చేతులు మారేటప్పుడు తక్కెడ పట్టుకొని నిలబడే ‘లిబ్రిపెన్స్’ అనే మనిషి ఆ తరువాత కూడా చాలాకాలం ఉండేవాడు. సైనికుల జీతం ‘స్టిపెండియుమ్’. దాన్ని తొలిసారి ఇచ్చింది క్రీ.పూ. 406లో అని చరిత్రకారుడు లివీ రాశాడు. నేటి స్టైపెండ్ ఆ మాటే. చెల్లింపును ‘పెన్సియో’ అన్నారు. అది మన ఊళ్లదాకా వచ్చి పింఛను అయింది. ఫ్రెంచిలో పింఛనుకూ, డబ్బు కట్టి భోజనంతో సహా ఉండే బసకూ అదే మాట.

ఈ ధాతువు కథలో అన్నిటికన్నా అందమైన మలుపు ‘పెన్సారె’. పదేపదే తూచడం దీని అర్థం. ఒక విషయాన్ని మనసులో అటూ ఇటూ తూచడమే ఆలోచన. ‘తూచి మాట్లాడు’ అనే మనకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. జనం నోట ‘స’కు ముందున్న ‘న’ జారిపోయేది. బల్ల అనే ‘మెన్సా’ స్పానిష్‌లో ‘మెసా’ అయిందలాగే. అందువల్ల పెన్సారె స్పానిష్‌లో ‘పెసార్’ (తూచు, తూగు) అయింది. చదువుకున్నవారి లాటిన్ నుంచి ‘న’ చెదరకుండా మళ్లీ వచ్చినది ‘పెన్సార్’ (ఆలోచించు). మన వ్యాకరణం మాటల్లో మొదటిది తద్భవం, రెండోది తత్సమం లాంటివి. ఇటాలియన్‌లోనూ, ఫ్రెంచిలోనూ ఇదే జంట ఉంది. ఫ్రెంచి మరో అడుగు వేసింది: ఒకరి గురించి ఆలోచించడం వారిని చూసుకోవడంగా, ఆపైన గాయానికి కట్టుకట్టడంగా మారింది. పలుకు ఒకటే, ఈ అర్థానికి ఒక అక్షరం మార్చి రాస్తారు. స్పానిష్‌లో సంతాపం తెలపడానికి వాడే ‘పెసమె’ కూడా ఈ కుటుంబంలోదే. ‘నాకు బరువుగా ఉంది’ అని దాని భావం. దుఃఖంలో ఉన్నవారితో అనడానికి ఇంతకన్నా నిజమైన మాట దొరకడం కష్టం.

తూచి బయటికి ఇవ్వడం ‘ఎక్స్‌పెండెరె’. దీని నుంచి ఇంగ్లిషులో ఖర్చుపెట్టడం (స్పెండ్), జర్మన్‌లో విరాళం ఇవ్వడం (ష్పెండెన్) వచ్చాయి. జర్మన్‌లో తిండిని చెప్పే ‘ష్పైజె’ కూడా ఖర్చు అనే అర్థం నుంచి దిగినదే.

వేలాడే శాఖ తెలుగులో రోజూ వినిపిస్తుంది: పెండింగ్ ఫైలు, ఉద్యోగి సస్పెన్షన్, సినిమా సస్పెన్స్, మెడలో పెండెంట్. స్పెయిన్‌లో పరీక్ష తప్పడాన్ని సస్పెండ్‌తో పుట్టుక కలిసిన క్రియతోనే చెబుతారు.

రోమన్ల తూనిక ప్రమాణం ‘లిబ్రా’ (తక్కెడ, తులారాశి పేరూ ఇదే), దాదాపు 327 గ్రాములు. పెండెరె కుటుంబానికే చెందిన ‘పోండో’ను చేర్చి దాన్ని ‘లిబ్రా పోండో’, అంటే ‘తూకంలో ఒక లిబ్రా’ అనేవారు. ఇటలీ లీరా మొదటి మాట నుంచి వచ్చింది. జర్మానిక్ తెగలు రెండో మాటను పట్టుకున్నాయి, అదే పౌండు. అయితే పౌండుకు గుర్తుగా రాసే అడ్డగీత ఎల్ అక్షరం మాత్రం లిబ్రాలోని మొదటి అక్షరమే.