యాభై శాతం దాటాక మొదలైన వణుకు

విశాఖ పోర్టు క్రేన్ ప్యానెల్‌కైనా, ఉక్కు ఫ్యాక్టరీ పీఎల్‌సీకైనా నిలకడైన 24 వోల్టులు కావాలి. అవి ఇచ్చేది ఎస్‌ఎంపీఎస్, అంటే స్విచ్-మోడ్ పవర్ సప్లై. పెద్ద మోటార్లు స్టార్టయి లైన్ వోల్టేజీ పడిపోతే, లోటు పూడ్చడానికి అందులోని స్విచ్ ప్రతి సైకిల్‌లో ఇంకా ఎక్కువసేపు ఆన్‌లో ఉండాలి. అంటే డ్యూటీ సైకిల్ పెరగాలి. ఒకప్పుడు చిక్కంతా అక్కడే వచ్చేది.

1978లో బెల్ ల్యాబ్స్ ఇంజినీరు సెసిల్ డైష్ కరెంట్-మోడ్ పద్ధతిని వివరించారు. కాయిల్‌లో కరెంటు నిర్ణయించిన శిఖరానికి చేరగానే స్విచ్ ఆగిపోతుంది. ప్రతి పల్స్‌కూ కరెంటుకు హద్దు ఉంటుంది కాబట్టి ట్రాన్సిస్టర్‌కు రక్షణ దొరుకుతుంది. కానీ స్థిరమైన ఫ్రీక్వెన్సీలో నడిపేటప్పుడు డ్యూటీ యాభై శాతం దాటితే ఒక పల్స్ లావుగా, మరుసటిది సన్నగా వచ్చి సప్లై వణుకుతుంది.

దీనికి కారణం కరెంటు గీతల వాలులో ఉంది. డ్యూటీ 60 శాతం ఉన్నప్పుడు కరెంటు ఎక్కే వాలు కంటే దిగే వాలు ఒకటిన్నర రెట్లు నిటారుగా ఉంటుంది. ఎక్కడో 10 మిల్లీఆంపుల తేడా వచ్చిందనుకుందాం. మరుసటి సైకిల్‌కు అది 15, ఆపై 22.5 అవుతుంది, ప్రతిసారీ దిశ మారుతుంది. 40 శాతం దగ్గరైతే అదే తేడా తనంతట తానే కరిగిపోతుంది.

పరిష్కారం చూడ్డానికి చాలా చిన్నది. కొలిచిన కరెంటుకు, సైకిల్‌తోపాటు పెరిగే ఒక ర్యాంప్ వోల్టేజీని కలపాలి. దీన్నే స్లోప్ కాంపెన్సేషన్ అంటారు. ర్యాంప్ వాలు, కరెంటు దిగే వాలులో సగం ఉంటే పై 10 మిల్లీఆంపులు 4.3కు, ఆపై 1.8కి తగ్గిపోతాయి. డ్యూటీ ఎంతున్నా పల్సులు కుదురుతాయి. 1979లో కాల్‌టెక్‌లో మిడిల్‌బ్రూక్ బృందం ఈ కరెంట్-మోడ్ లెక్కను విశ్లేషించింది. 1990లో వర్జీనియా టెక్‌లో రేమండ్ రిడ్లీ, స్విచింగ్ ఫ్రీక్వెన్సీలో సగం దగ్గర లూప్ ఎందుకు అదుపు తప్పుతుందో తేటతెల్లం చేశారు.

మన రిపేరు బల్లల మీద తరచూ కనిపించే యూసీ3842 కంట్రోలర్ చిప్‌లో ఈ ర్యాంప్‌ను వేరేగా తయారు చేయనక్కర్లేదు. నాలుగో పిన్ దగ్గరి ఆసిలేటర్ వేవ్‌ను ఒక చిన్న ట్రాన్సిస్టర్, ఒక రెసిస్టర్ ద్వారా మూడో పిన్‌కు, అంటే కరెంట్ సెన్స్‌కు అందిస్తే చాలు. మోతాదు మించితే మాత్రం కరెంట్-మోడ్ గుణమే పోయి, సప్లై వోల్టేజ్-మోడ్‌లా నడుస్తుంది.

అందుకే సప్లై వణికితే వెంటనే కెపాసిటర్ మార్చేయకూడదు. పూర్తి లోడు పెట్టి, వేరియాక్‌తో ఇన్‌పుట్ తగ్గిస్తూ స్కోప్‌లో గేటు పల్సులు చూడాలి. అవి లావు, సన్నం అంటూ మారుతుంటే ముందుగా అనుమానించాల్సింది ర్యాంప్‌నే.