పల్నాటి పుల్లరి నుంచి మాలపల్లి సమ్మె దాకా

ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'ని కొందరు గాంధేయ నవల అంటారు, మరికొందరు రష్యా విప్లవ ప్రభావం పడిన తొలి తెలుగు నవల అంటారు. రెండు మాటలకూ నవలలో ఆధారం దొరుకుతుంది. నా పేచీ అది కాదు. రచయితను జైలుకు పంపిన పల్నాడును ఇద్దరూ మరచిపోయారు.

అడవిలో పశువులు మేపుకోవాలంటే సర్కారుకు పుల్లరి కట్టాలి. 1921లో మాచర్ల, గురజాల ప్రాంతపు పల్లెలు కట్టబోమన్నాయి. అటవీ ఉద్యోగులకు క్షురకులు క్షౌరం చెయ్యలేదు, చాకళ్ళు బట్టలుతకలేదు. ఇక్కడ కొంచెం ఆగాలి. మందలు ఎక్కువగా రైతులవి; సర్కారును నొప్పించిన ఆయుధం మాత్రం ఊరికి చాకిరీ చేసేవాళ్ళ చేతిలోది. మన చరిత్రకారులు దీన్ని ఊరి ఐకమత్యమని మెచ్చుకుని దాటిపోతారు.

ఉన్నవ అప్పటికి కొత్తవాడు కాదు. గుంటూరులో వితంతు శరణాలయం నడిపిన సంస్కర్త, డబ్లిన్ వెళ్ళి బారిస్టరై వచ్చినవాడు. పల్నాటి ఉద్యమంలో దిగి శిక్షపడి, జైల్లో ఈ నవల రాశాడు. చౌరీచౌరా తర్వాత 1922 ఫిబ్రవరి 12న బార్డోలీలో సహాయ నిరాకరణ ఆగింది. సరిగ్గా పది రోజులకు, ఫిబ్రవరి 22న, మించాలపాడులో కన్నెగంటి హనుమంతు పోలీసు తుపాకులకు బలయ్యాడు. ఉద్యమం ఆపిన తీర్మానం పల్నాటి తుపాకులను ఆపలేకపోయింది.

ఇప్పుడు నవలలోకి రండి. ధాన్యం ధర పెరగగానే కూలి గింజల్లో కాక డబ్బుల్లో ఇస్తామంటారు మంగళాపురం ఆసాములు. మాలదాసరి రామదాసు కొడుకు సంగదాసు కూలీలను కూడగట్టి పని మాన్పిస్తాడు. పల్నాటి నిరాకరణే ఇది; కానీ గురి మారింది. సర్కారు కచేరీ మీది నుంచి సాటి తెలుగు రైతు గడప మీదికి వచ్చింది. జాతీయోద్యమంలో ఉన్న మనిషి, అదీ ఆనాడు, ఇంత మాట రాయడం చిన్న సాహసం కాదు.

అయితే ఆ మాటను ఒక్క మనిషి గుండెలో పెట్టడానికి ఉన్నవ జంకాడు. ఒక ఇంటి బిడ్డలకు పంచాడు. సంస్కరణ సంగదాసుది, యజమాని కొడుకు రామానాయుడితో స్నేహం కూడా అతనిదే. తిరుగుబాటు అన్న వెంకటదాసుది. తక్కెళ్ళ జగ్గడనే పేరుతో కలిగినవాళ్ళను దోచి లేనివాళ్ళకు పంచుతాడు. ప్రేమ చెల్లెలు జ్యోతిది. సమ్మె నడిపేవాడు యజమాని కొడుకును ప్రేమిస్తూ యజమానిని ఎదిరించడమెలా? అసలు నలుగుబాటు ఇక్కడ ఉంది. చౌదరయ్య దెబ్బకు సంగదాసు చనిపోవడంతో ఆ ప్రశ్నకు అతను జవాబు చెప్పుకోవలసిన అవసరమే తప్పిపోయింది. నవలకు 'సంగవిజయం' అని మరో పేరు పెట్టుకున్నా, నాకు ఆ చావు రచయిత తప్పించుకున్న చోటుగానే కనిపిస్తుంది. జ్యోతి, ఆమె ప్రేమించిన అప్పాదాసు కూడా బతకలేదు. జగ్గడు ఖైదీ అవుతాడు. మొదటి ఇద్దరినీ కాకపోయినా జగ్గణ్ణి అంత ఇష్టంగా రాశాడంటే, సంస్కర్త మనసు ఎటు లాగిందో తెలుస్తూనే ఉంది.

ఆ లాగుడును మన విమర్శకులకన్నా ముందు మద్రాసు ప్రభుత్వం కనిపెట్టింది. పుస్తకాన్ని నిషేధించింది. 1928లో మార్పులతో వదిలి, 1936లో మళ్ళీ నిషేధించింది. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాకనే 'మాలపల్లి' బయటపడింది.