పానగల్లు చెరువు, పట్నపు దాహము

నేడు నల్గొండ పురపాలకపు హద్దులలో ఒక వాడగా అణిగియున్న పానగల్లు, పదునొకండు పండ్రెండవ శతాబ్దములలో కందూరు చోడులకు రాజధానిగా విలసిల్లెనని చెప్పిన, ఛాయాసోమేశ్వరాలయమునకు త్రోవ యడుగు యాత్రికులలో పలువురు నమ్మరు. ఈ మెట్టసీమలో కోటగోడ లెంత యెత్తైనను చెరువు లేని రాజధానికి పూట గడువదు. ఆ వంశపు రాజగు ఉదయచోడుని పేర వెలసిన ఉదయసముద్రమను చెరువు ఆ యవసరమునుండి పుట్టినదే. కట్ట పోయువారు, తూములకు రాళ్లు చెక్కువారు, ఆయకట్టున వరి నాటు కాపులు, ధాన్యము కొను వర్తకులు ఒకరి వెంట నొకరు చేరనిదే అంతటి చెరువు నిలువదు. రాజు ఆ యూరి గుడిలోని పచ్చల సోమేశ్వరునకు భూమి నిచ్చిన, ఆ భూమికి నీరు, నీటికి కాలువ, కాలువకు నీరటికాడు కావలసి వచ్చును. కనుక శాసనమున మనము చదువు నొక్క వాక్యము వెనుక ఒక పల్లె బ్రదుకంతయు ఇమిడియుండును.

ఏలుబడి కాకతీయుల ఓరుగల్లునకు తరలిన పిమ్మటను చెరువు తరలలేదు గదా! 1267లో యాదవవంశజుడు సారంగపాణిదేవుడు ఛాయాసోమనాథునకు దానమిచ్చి శాసనము వేయించుటను బట్టి, రాజ్యము పోయినను ఊరు బ్రదికియే యుండెనని తెలియుచున్నది. తుదకు పొరుగుననున్న నల్గొండ జిల్లాకేంద్రమై, కచ్చేరీలతో బజారులతో పెరిగి, పానగల్లును తనలో కలుపుకొన్నది.

1591లో మూసీ యొడ్డున వెలసిన హైదరాబాదు నడచిన త్రోవ వేరు. ఈ వైపు జనులకు అది కేవలము పట్నము. పోచంపల్లి చీరకు సంత పట్నమే. చౌటుప్పల్ ఇంతగా పెరుగుటకు పట్నమునకు పోవు బాటయే మూలము. ఇది మేలే, కాదనలేము. కాని నీటి లెక్క చూచితిమా, పానగల్లు తీరు తలక్రిందులగును. 2004 మొదలు కృష్ణాజలము అక్కంపల్లి జలాశయమునుండి గొట్టములలో పట్నమునకు ఎక్కుచున్నది. నల్గొండ జిల్లాలోనే మర్రిగూడ, మునుగోడు వైపు పల్లెలవారు ఫ్లోరైడు నీరు త్రాగి, ఎముకలు వంగి, మంచినీటికై దశాబ్దములు ఎదురుచూచిరి. పట్నము మరల ఇచ్చునది మూసీ. అనంతగిరి కొండలలో తేటగా పుట్టిన ఆ యేరు పట్నము దాటి వలిగొండ పొలములు చేరునప్పటికి నురుగు తేలు మురుగైపోవును. అయినను వేసవిలో సైతము పారునది గనుక రైతు దానిని విడువజాలడు; ముక్కు మూసికొనియే మడి తడుపుకొనును.

పానగల్లు చెరువు మాత్రము నేటికిని నిండుచున్నది, వానతో మాత్రమే కాదు. అలిమినేటి మాధవరెడ్డి కాలువ కృష్ణనీటిని తెచ్చి ఉదయసముద్రమున పోయుచున్నది. నల్గొండ యిండ్లలో కుళాయి త్రిప్పిన వచ్చునది ఆ చెరువు నీరే.