పల్నాడు నేలలో పాతిన కలప

పల్నాటి పల్లెల్లో కంచెకూ పశువుల కొట్టానికీ పాతే గుంజలు నల్లమల నుంచి వచ్చేవి. మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు ఆ అడవి ఊళ్లకు దగ్గరే. సండ్ర, నారేపి, టేకు మట్టిని తట్టుకునే కలపలు. బూరుగు కొద్దికాలానికే పుచ్చిపోతుంది.

ఈ తేడా అంతా చేవలో ఉంది. చెట్టు ముదిరేకొద్దీ నడిమి చెక్కలో టానిన్ల వంటి పదార్థాలు చేరి చెదలనూ శిలీంధ్రాలనూ అడ్డుకుంటాయి. సండ్ర చేవను ఉడకబెట్టి తీసే కాచు అలాంటిదే. పైనుండే తెల్లచెక్కకు ఆ రక్షణ ఉండదు. ఎంత మేలుజాతి చెట్టుదైనా అది తొందరగా చెడుతుంది. చేవ లేని లేత సండ్ర కర్రను నమ్మి పాతడం దండగే.

గుంజ ముందుగా పుచ్చేది నేలమట్టం దగ్గర. అక్కడ తేమా గాలీ రెండూ అందుతాయి. లోతులో గాలి తక్కువ, పైన తేమ నిలవదు. మొదలును కాల్చి గానీ తారు పూసి గానీ పాతే అలవాటు అందుకే.

డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థ కర్రముక్కలను మట్టిలో పాతి ఈ మన్నికను కొలిచింది. సగటున 120 నెలలు, ఆపైన నిలిచినవి మొదటి తరగతి. 60 నెలలైనా నిలవనివి మూడవ తరగతి. టేకు మొదటిదానిలో ఉంది.

శతాబ్దాల లెక్కకొస్తే ఏ చేవా చాలదు. 1954-60 మధ్య నాగార్జునకొండ తవ్వకాల్లో ఇక్ష్వాకుల మండపాల సున్నపురాతి స్తంభాలు బయటపడ్డాయి. వాటిపై కలప కప్పులు మాత్రం మిగల్లేదు. తరువాతి కాలంలో పల్నాడు కంచెల్లోనూ కర్ర గుంజల చోట నాపరాతి పలకలు నిలిచాయి.