మన చేనులో ఏం వేయాలో వాన ఒక్కటే చెప్తోందా? రాగి, బియ్యం, శెనక్కాయల కథ



మొన్న మా ఊరి రచ్చకట్ట మీద మళ్ళీ అదే మాట వచ్చింది. ఈసారి రాగి వేద్దామా, శెనక్కాయ వేద్దామా? ఒక పెద్దాయన, "మనదేముందిరా, వాన చెప్పినట్టు వినడమే" అన్నాడు. ఆ మాట సగమే నిజం అనిపించింది నాకు. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం పక్క వాన మా తాత కాలంలోనూ తక్కువే. కానీ మా తాత చేనులో రాగి, జొన్న, కొర్ర, సామ, కంది, అనుములు ఉండేవి. నా చేనులో ముప్పై ఏండ్లు శెనక్కాయ తప్ప ఇంకోటి లేదు. వాన తీరు పెద్దగా మారకుండానే పంట మారిపోయింది. మరి మార్చింది ఏంది?

నేను ఇంటర్ వరకే చదువుకున్నా. అయినా ఈ ప్రశ్న పట్టుకుని దొరికిన పుస్తకాలు చదివినా, పెద్దవాళ్ళను అడిగినా. నాకు అర్థమైంది ఇదీ. గింజల బేరం మీద సర్కారు పెట్టే నిబంధనే మన చేనులోకి వచ్చి కూర్చుంటుంది. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందు ధాత కరువు నుంచి మొదలుపెడదాం. 1876లో వచ్చింది, ధాత నామ సంవత్సరం కాబట్టి ఆ పేరు. అప్పుడు అనంతపురం జిల్లా ఇంకా లేదు, మనమంతా బళ్ళారి జిల్లా కింద ఉన్నాం. 1882లో కదా మనల్ని విడదీసింది. వానలు పోయినాయి, గింజల ధర కొండెక్కింది. మద్రాసు ప్రభుత్వం గుట్టుగా ఏజెంట్ల చేత 30,000 టన్నుల ధాన్యం కొనిపించింది. పైనున్న వైస్రాయి లిట్టన్ ప్రభుత్వానికి అది నచ్చలేదు. వ్యాపారంలో సర్కారు చెయ్యి పెట్టకూడదు, ధర పెరిగితే వ్యాపారులే గింజలు తెస్తారు అన్నది వాళ్ళ సిద్ధాంతం. గింజలు రాకపోలేదు, మద్రాసు నుంచి రాయచూరుకు పోయే రైలు అప్పటికే ఉంది. తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు దాకా మూటలు వచ్చినాయి. కానీ అక్కడినుంచి పెనుకొండకో హిందూపురానికో తోలాలంటే ఎద్దులు బతికి ఉండాల కదా! గడ్డి లేక ఎద్దులు ముందే పోయినాయి. గింజ వచ్చినా కొనడానికి కూలోని చేతిలో డబ్బు లేదు.

ఇంకో సంగతి వినండి. సర్ రిచర్డ్ టెంపుల్ అనే ఆయన 1874లో బీహారు కరువులో బర్మా బియ్యం తెప్పించి జనాన్ని బతికించినాడు. దానికి ఖర్చు ఎక్కువైందని తిట్లు తిన్నాడు. అదే మనిషిని 1877లో మద్రాసు రాజధానికి పంపినారు. ఈసారి ఖర్చు తగ్గించి చూపించాలనుకున్నాడు. కరువు పనిలో రాళ్ళు కొట్టే మగమనిషికి రోజుకు ఒక పౌండు గింజలు, ఒక అణా చాలన్నాడు. పౌండు అంటే అర కిలో కూడా కాదు. డాక్టర్ కార్నిష్ అనే మద్రాసు ఆరోగ్య అధికారి ఇది చాలదని గట్టిగా పోట్లాడినాడు. ఆ ఏళ్ళలోనే ఇండియా నుంచి ఇంగ్లాండుకు గోధుమలు ఎగుమతి అవుతూనే ఉన్నాయి. ఒక్క బ్రిటిష్ ఏలుబడిలోని ప్రాంతాల్లోనే యాభై లక్షలకు పైగా జనం పోయినారని అంచనా. మా తాతకు వాళ్ళ అవ్వ చెప్పిందట, ఆ ఏడు మా ఊర్లో రెండు వీధులు ఖాళీ అయినాయని.

ఆ తర్వాత కరువు కమిషన్ వేసినారు, కరువులో ఏం చేయాలో నిబంధనలు రాసినారు, రైలు మార్గాలు వేయాలన్నారు. గుంతకల్లు నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరు వైపు పోయే లైను 1890ల మొదట్లో పడింది. ఈరోజు మనం ఎక్కే రైలు దారి వెనక ఆ కరువు ఉంది. గింజను దూరం నుంచి తెచ్చే దారి ఏర్పడింది. అయితే అదే దారిలో దూరపు ఊరి ధర కూడా మన ఊరికి వచ్చింది. అది గుర్తుపెట్టుకోండి.

వ్యాపారాన్ని పూర్తిగా వదిలేస్తే ఏమైందో చూసినాం కదా. ఇప్పుడు పూర్తిగా బిగిస్తే ఏమైందో చూద్దాం.

1942లో జపాను బర్మాను పట్టుకునేసరికి అక్కడి బియ్యం ఆగిపోయింది. 1943లో బెంగాల్లో లక్షల మంది చచ్చిపోయినారు. అప్పటినుంచి సర్కారు గింజల వ్యాపారంలోకి గట్టిగా దిగింది. రేషన్ కార్డు, కంట్రోల్ ధర, రైతు దగ్గర నిర్బంధ సేకరణ. మన పెద్దోళ్ళు ఇప్పటికీ రేషన్ షాపును 'కంట్రోల్ అంగడి' అనేది అందుకే. గాంధీజీ కంట్రోలు వద్దన్నాడు, 1947 చివర్లో ఎత్తేసినారు, ధరలు పెరిగేసరికి 1948లో మళ్ళీ పెట్టినారు. మద్రాసు రాష్ట్రంలో 1952లో రాజాజీ రేషనింగు ఎత్తేసినాడు. అదే సమయంలో మన రాయలసీమలో కరువు, ఊరూరా గంజి కేంద్రాలు. మా నాయన చిన్నపిల్లోడుగా గంజి కోసం చెంబు పట్టుకుని వరసలో నిలబడినాడు.

1955లో నిత్యావసర సరుకుల చట్టం వచ్చింది. 1957లో ఆంధ్ర, మద్రాసు, మైసూరు, కేరళ కలిపి దక్షిణ బియ్యం జోను చేసినారు. జోను లోపల బియ్యం ఎక్కడికైనా పోవచ్చు. 1964 తర్వాత దాన్ని విడగొట్టి ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే ఒక జోను అన్నారు. కోస్తా వాళ్ళకు ఇది లెక్కల్లో మాట. మనకు మాత్రం హద్దు ఇంటి పక్కనే. హిందూపురం దాటితే గౌరిబిదనూరు, అది మైసూరు రాష్ట్రం. మా మేనత్తను ఆ పక్క ఊరికే ఇచ్చినారు. 1966 ప్రాంతంలో ఆమె సీమంతానికి మా నాయన సైకిలు మీద అర మూట బియ్యం వేసుకుని పోతుంటే చెక్‌పోస్టులో దించేసుకున్నారు. పుట్టింటి బియ్యం కూడా స్మగ్లింగు అయిపోయింది! ఆ కథ చెప్పేటప్పుడల్లా మా నాయన నవ్వేవాడు గానీ, ఆరోజు నవ్వలేదని మా అమ్మ చెప్పేది. గింజలను రాష్ట్రం దాటించడానికి అడ్డంకులు, నిల్వ పరిమితులు కేంద్రం ఒక ఉత్తర్వుతో ఎత్తేసింది 2002లో.

ఈ కాలంలోనే మంచి కూడా జరిగింది, కాదనలేం. 1965లో ఫుడ్ కార్పొరేషన్ తంజావూరులో మొదలైంది. ధరల కమిషన్ అదే ఏడు వచ్చింది. 1966లో మన రాష్ట్ర మార్కెట్ల చట్టం వచ్చింది. యార్డులో తూకం, వేలం, మార్కెట్ ఫీజు కొనేవాడే కట్టాలనే నియమం అన్నీ దానివల్లే. అమెరికా ఓడల గోధుమల మీద బతికిన దేశం తన గింజ తానే తినే స్థితికి వచ్చింది.

కానీ ఒకటి గమనించండి. సర్కారు మద్దతు ధర చాలా పంటలకు ప్రకటించింది. గోనె సంచి తెచ్చి కొన్నది మాత్రం ముఖ్యంగా వరి, గోధుమ. కొన్నదాన్నే రేషన్లో ఇచ్చింది. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం పెట్టినాడు. తర్వాత ఆయన మన హిందూపురం నుంచే మూడుసార్లు గెలిచినాడు. ఆ బియ్యం పేదల కడుపు నింపింది. నేనూ ఆ వరసలో సంచి పట్టుకుని నిలబడినోణ్ణే, తిన్న అన్నాన్ని తప్పు పట్టను. అయితే ఇంకోపక్క ఏమైంది? రాగులు విసరాలి, జొన్నలు దంచాలి, బియ్యం కడిగి పొయ్యి మీద పెడితే చాలు. పైగా చవక. ఇంట్లో సంగటి తగ్గింది. తినేవాడు తగ్గితే కొనేవాడు తగ్గె, కొనేవాడు తగ్గితే వేసేవాడు తగ్గె. తిండి బియ్యం అంగట్లో దొరుకుతుంది కాబట్టి చేను మొత్తం డబ్బు పంటకు వదిలేసినాం. ఆ డబ్బు పంట శెనక్కాయ.

శెనక్కాయ ధర కూడా మన చేతిలో లేదు. 1994లో పామోలిన్ దిగుమతిని ఎవరైనా చేసుకోవచ్చని తెరిచినారు, సుంకం 65 శాతం. మరుసటి ఏడు 30 చేసినారు, 1996లో 20, 1998లో 15. నాలుగేండ్లలో గోడ మొత్తం దించేసినట్టే. మలేసియా, ఇండోనేసియా నూనె చవగ్గా దిగితే మన శెనక్కాయ నూనె ఎవరు కొంటారు? మన చుట్టుపక్కల ఎన్ని ఆయిల్ మిల్లులు మూతబడినాయో మీకే తెలుసు. ఈరోజు దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటినుంచే వస్తోంది.

ఇది పాత కథ అనుకోకండి. 2024 సెప్టెంబరులో ముడి పామాయిల్, సోయా, సన్‌ఫ్లవర్ నూనెల మీద మొత్తం సుంకం 5.5 నుంచి 27.5 శాతానికి పెంచినారు. మనోళ్ళు సంతోషపడినారు. 2025 మే నెలాఖరున 16.5కు దించేసినారు. మే నెలాఖరు అంటే మనం విత్తనం కొనే సమయం! ధర మీద ఆశతో విత్తనం కొన్నవాడు ఏం కావాలి? వరి రైతుదీ అదే బాధ. 2023 జులైలో తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసినారు, 2024 సెప్టెంబరులో వదిలినారు. పట్నంలో ధర పెరిగితే రాత్రికి రాత్రి ఉత్తర్వు వస్తుంది. పల్లెలో ధర పడితే ఎందుకు రాదు?

2020 చట్టాల మీద పంజాబ్ రైతులు ఏడాదికి పైగా ఢిల్లీ అంచున కూర్చున్నారు, 2021లో వాటిని వెనక్కు తీసుకున్నారు. అప్పుడు మనలో చాలామందికి అది మన గొడవ కాదనిపించింది. నిజమే, వాళ్ళకు పోతుందేమోనని భయపడిన కొనుగోలు మనకు ఎప్పుడూ లేనేలేదు.

ఇప్పుడు రాగి మాటకు వస్తా. 2025-26కు రాగి మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు, మామూలు వడ్లకు 2,369. కాగితం మీద రాగి రెండింతలు. 2013 ఆహార భద్రత చట్టంలో చిరుధాన్యాలు రేషన్లో ఇవ్వవచ్చని రాసే ఉంది. హద్దు అవతల కర్ణాటక సర్కారు రాగులు మద్దతు ధరకు కొని అక్కడి రేషన్లో ఇస్తోంది. కానీ వాళ్ళ దగ్గర నమోదైన రైతుల నుంచే కొంటారు, మన మూట అక్కడ చెల్లదు. రాయలసీమ రేషన్లో బియ్యం బదులు కొంత రాగులిచ్చే పని 2023లో మొదలైంది. మరి ఆ రాగులు మన చేనువి ఎందుకు కాకూడదు? పోయిన ఏడు నేను ఎకరా రాగి వేసి, కళ్ళంలోనే ఒక వ్యాపారికి మద్దతు ధర కంటే చాలా తక్కువకు ఇచ్చేసినా. నిల్వ పెట్టే జాగా లేదు, అప్పు ఆగదు.

కాబట్టి కంట్రోలు మంచిదా, స్వేచ్ఛ మంచిదా అని మనం కొట్లాడుకోవడం దండగ. 1877లో వదిలేసినా మనమే నష్టపోయినాం, 1966లో బిగించినా మనమే. నిబంధన ఎవరి కోసం, దాన్ని ఎప్పుడు చెప్తున్నారు అనేదే అసలు ప్రశ్న.

ఈసారి గ్రామసభలోనో, అధికారులు వచ్చినప్పుడో మూడు మాటలు అడుగుదాం. రాగి, జొన్న, కొర్రలకు కోత సమయంలోనే మన మండలంలో కొనుగోలు కేంద్రం పెట్టాలి. కొంటామనే మాట విత్తకముందే, మే నెలలోనే చెప్పాలి. నూనె సుంకం మార్చాలంటే విత్తే ముందు, కోత ముందు మార్చకూడదు. ఒక్కడు అడిగితే అర్జీ, ఊరంతా అడిగితే లెక్క.

నేనైతే నాకున్న నాలుగు ఎకరాల్లో ఈసారి రెండు ఎకరాలు రాగి, అందులో కంది, అనుములు సాళ్ళు వేస్తున్నా. కనీసం ఇంటి సంగటికైనా వస్తుంది. మీ ఊర్లో రాగి ఎంతకు అమ్మినారో, ఎవరు కొన్నారో కింద రాయండి. నలభై ఊర్ల లెక్క ఒకచోట చేరితే అది చేత్తో పట్టుకుని ఆఫీసుకు పోవచ్చు.

మీ రైతు సోదరుడు.