పల్నాటి చాపకూడు – వెండితెర

పల్నాటి కథ యనగానే కోడిపందెమును, నాయకురాలి రాజనీతియు, బాలచంద్రుని పౌరుషమును తెలుగువారికి మొదట స్ఫురించును. ఆ కథ నడుమ పరచియున్న చాప యంత త్వరగా స్ఫురింపదు. గురజాల నేలిన నలగామరాజునకును, మాచర్ల నేలిన మలిదేవరాజునకును 12వ శతాబ్దమున పుట్టిన దాయాదిపోరు కారెంపూడి రణరంగమున ముగిసినది. మలిదేవుని పక్షము వహించిన మంత్రి బ్రహ్మనాయుడు తన వారినందరిని కులభేదము లేక ఒకే చాపపై కూర్చుండబెట్టి కుడిపించెనని ప్రసిద్ధి. అదియే చాపకూడు. మాలకులమున జన్మించిన కన్నమదాసు అతనికి పెద్దకొడుకుతో సమానుడు, సేనానాయకుడు. బాలచంద్రుని చెలికాండ్రలో బ్రాహ్మణుడగు అనపోతురాజు మొదలుకొని కంసాలి, కుమ్మరి, మంగలి, చాకలి కులముల పడుచువాండ్రు కలరు.

ఈ కథను గూడవల్లి రామబ్రహ్మముగారు ‘పల్నాటి యుద్ధం’ అను పేర చలనచిత్రముగా తీయబూనుట కాకతాళీయము కాదు. 1938లో ‘మాలపిల్ల’ తీసి అస్పృశ్యతను తెరపై ప్రశ్నించినవారు వారే. ఆ చిత్రమున హరిజనుల ఆలయప్రవేశమునకు తొలుత అడ్డునిలిచిన సుందరరామశాస్త్రి పాత్రను ధరించిన గోవిందరాజుల సుబ్బారావుగారే ఈ చిత్రమున బ్రహ్మనాయుడైరి! చిత్రము పూర్తికాకమునుపే, 1946లో, రామబ్రహ్మముగారు కన్నుమూసిరి. మిగిలిన భాగమును ఎల్.వి. ప్రసాదుగారు పూర్తిచేయగా 1947లో విడుదలైనది. మదరాసు రాష్ట్రమున దేవాలయ ప్రవేశపు చట్టము వచ్చినదియు ఆ సంవత్సరముననే. ఎనిమిదివందల యేండ్లనాటి చాపకూడు ఆనాటి ప్రేక్షకులకు పాతకథగా తోచియుండదు.

అయినను ఒక మాట చెప్పక తప్పదు. చిత్రము చూచినవారి నాలుకలపై నిలిచిన పేర్లు సుబ్బారావుగారివి, నాగమ్మగా నటించిన కన్నాంబగారివి, బాలచంద్రుడైన అక్కినేని నాగేశ్వరరావుగారివి, మాంచాలయైన ఎస్. వరలక్ష్మిగారివి. కన్నమదాసు పాత్రధారి పేరు తడుముకొనక చెప్పగలవారు అరుదు. చాప పరచినవాడు నాయకుడైనాడు. దానిపై కూర్చున్నవాడు పరివారములో కలిసిపోయినాడు. సంస్కరణ చిత్రములకు ఇది సహజమైన లోపమే కావచ్చును గాని, లోపము కాకపోదు. నాగమ్మ విషయమున అన్యాయము ఇంకను పాతది. రాజ్యము నడిపిన స్త్రీ కుటిలురాలుగానే మిగులుట సినిమా కల్పించినది కాదు, కథతోనే వచ్చినది. 1966లో నందమూరి తారకరామారావు, భానుమతిగారలతో మరల తీసిన ‘పల్నాటి యుద్ధం’లోను కథకు మూలస్తంభములు బ్రహ్మనాయుడు, నాగమ్మలే.

పండితలోకము ఈ కథను శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన ద్విపద ద్వారా ఎరుగును. అక్కిరాజు ఉమాకాంతముగారు దానిని పరిష్కరించి ప్రకటించిరి. చిత్రమునకు మాటలు, పాటలు సముద్రాల రాఘవాచార్యులుగారివి. కాని పల్నాటిలో ఈ కథను తరతరములుగా నోటనుంచుకొని కాపాడినవారు వీరవిద్యావంతులను గాయకులు, వారు మాలకులస్థులు. అలిసెట్టి గాలెయ్య యను గాయకుడు పాడిన కథను అమెరికా పండితుడు జీన్ రోఘేర్ సేకరించి ఆంగ్లమున 1982లో గ్రంథముగా వెలువరించెను. దానితో, అంతవరకు తెరపై ఇతరులు ధరించిన పాత్రలకు వెనుకనున్న కంఠము పుస్తకపుటలలోనికి పేరుతో సహా వచ్చినది.

కారెంపూడిలో ఏటేట కార్తిక అమావాస్య మొదలు అయిదు దినములు వీరారాధన జరుగును: రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. వీరుల ఆయుధములకు పూజలు సాగును, వీరవిద్యావంతులు కథ పాడుదురు. మూడవనాడైన మందపోరునాడు చాపకూడు పెట్టుదురు. ఊరివారును, వచ్చినవారును ఒకే పంక్తిని కూర్చుందురు.