అంతర్జాతీయ న్యాయానికి కలం పట్టేదెవరు?

న్యాయ కళాశాలల్లో విద్యార్థులే నడిపే అంతర్జాతీయ న్యాయ పత్రికలో కొత్తగా చేరినవారికి సాధారణంగా తొలుత అప్పగించేది ఫుట్‌నోట్ల తనిఖీ. వ్యాసకర్త ఉటంకించిన ప్రతి తీర్పునూ, ప్రతి ఒప్పందాన్నీ మూలంతో సరిచూడాలి. గుమాస్తా పనిలా కనిపించే ఈ చాకిరీకి రాజకీయ ప్రాధాన్యం ఉంది. అంతర్జాతీయ న్యాయస్థానం నిబంధనావళిలోని 38వ అధికరణం, న్యాయసూత్రాలను నిర్ధారించే అనుబంధ సాధనాల్లో వివిధ దేశాల న్యాయకోవిదుల రచనలనూ చేర్చింది. ఏ రచన అచ్చుకెక్కాలో నిర్ణయించేవారికి ఆ మేరకు న్యాయ రూపకల్పనలో వాటా ఉన్నట్టే.

అమెరికాలో ఈ వాటా విద్యార్థులకు ముందే దక్కింది. 1887లో హార్వర్డ్ లా రివ్యూ విద్యార్థుల సంపాదకత్వంలో మొదలైంది. 1960లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో అంతర్జాతీయ న్యాయానికే ప్రత్యేక పత్రిక పుట్టింది. సరిగ్గా ఆ కాలంలోనే, వలస పాలన నుంచి బయటపడిన దేశాలు తమ ప్రమేయం లేకుండా రూపొందిన నియమాలను ప్రశ్నిస్తున్నాయి. భారత్‌లో 1959లో వి.కె.కృష్ణమీనన్ అధ్యక్షుడిగా ఇండియన్ సొసైటీ ఆఫ్ ఇంటర్నేషనల్ లా ఏర్పడింది. మరుసటి ఏడాది దాని పత్రిక వెలువడింది. ఆర్.పి.ఆనంద్ వంటి పండితులు కొత్త దేశాల వాదానికి సిద్ధాంత బలం చేకూర్చారు. అయితే అది పండితుల పత్రిక, విద్యార్థుల చేతిలోది కాదు.

1988లో బెంగళూరు జాతీయ న్యాయ పాఠశాల తరగతులు ప్రారంభించడంతో, ఆపై 1998లో హైదరాబాద్‌లో నల్సార్ వంటివి రావడంతో ఈ స్థితి మారింది. 2009లో జోధ్‌పూర్ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయ విద్యార్థులు ‘ట్రేడ్, లా అండ్ డెవలప్‌మెంట్’ ఆరంభించారు. వాణిజ్య న్యాయాన్ని అభివృద్ధితో ముడిపెట్టి చూడాలన్న ఉద్దేశం ఆ పేరులోనే ఉంది.

ఆ దృష్టి ఎంత అవసరమో 2013 నాటి బాలి సమావేశం చాటింది. మద్దతు ధరకు ధాన్యం కొని నిల్వచేస్తే, ఆ సబ్సిడీని లెక్కగట్టడానికి ప్రపంచ వాణిజ్య సంస్థ 1986-88 నాటి ధరలనే ప్రమాణంగా తీసుకుంటుంది. దీనిపై పోరాడిన భారత్‌కు అక్కడ దక్కింది తాత్కాలిక రక్షణే. ధాన్యం అమ్ముకునే గోదావరి డెల్టా రైతుకూ ఆ లెక్కతో సంబంధం ఉంది.

మరి ఆ రైతుబిడ్డకు ఈ పత్రికల్లో చోటు దొరుకుతుందా? జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష క్లాట్ ఆంగ్లంలోనే జరుగుతుంది. ఫీజులు లక్షల్లో ఉన్నాయి. పాశ్చాత్య గుత్తాధిపత్యాన్ని ప్రశ్నించాల్సిన పత్రికలు స్వదేశంలో ఒకే వర్గం చేతిలో మిగిలితే ఆ ప్రశ్నకు నైతిక బలం తగ్గుతుంది. జిల్లాల్లోని న్యాయ కళాశాలలకూ డేటాబేస్ చందాలు, అధ్యాపకుల తోడ్పాటు అందించి, అక్కడి విద్యార్థులు కూడా ఇటువంటి పత్రికలు నడిపేలా ప్రభుత్వాలు పూనుకోవాలి.